తురాయికి వంత

మొదటి రోజు

నా పేరు ముమ్మిడి బుల్లెయ్య. వయసు డెబ్భై నాలుగు. ఏడో గుమ్మటం అడవికి కాపలాదారుని. చదువు రెండో తరగతి. అక్షరాలు పెడతాను, చదువుకోవడం మీ తిప్పలు.

ఈ పుస్తకం రాయమన్నది గుమ్మటాల ఆఫీసు ఇన్‌స్పెక్టరు రెబ్కా. మిగతా గుమ్మటాల్లో కాపలావాళ్ళు ఊరికే మాట్లాడితే చాలు, గోడే రాసుకుంటుంది. ఇక్కడ ఆ గోడ పీకించేశారు. నేను గట్టిగా మాట్లాడతానట, నా గొంతు వినపడితే పిట్టలు అడవి ఆ చివరికి పారిపోతున్నాయట. నలభై ఏళ్ళు మైకు లేకుండా బుర్రకథ చెప్పిన గొంతు ఇది. పిట్టల కోసం చిన్నది చేసుకోమంటే ఎక్కడ కుదురుతుంది? అందుకని కాగితం, కలం చేతికిచ్చారు. రాయడం అయ్యాక ఆ అమ్మాయే వచ్చి చదువుతుందట. చదువుకో తల్లీ.

సంగతి ఇది. మా అడవిలో ఒక పిట్ట ఉంది. నిమ్మకాయంత ఒళ్ళు. కారు నలుపు, వీపు మీద లేత నీలం, నెత్తిన ఎర్రటి టోపీ, తోకలోంచి రెండు పొడుగాటి ఈకలు తీగల్లా వేలాడుతుంటాయి. వానలు దంచికొట్టే పల్లపుటడవుల పిట్ట. ఆ అడవులు ఇప్పుడు గుమ్మటాల కింద తప్ప ఎక్కడా లేవు. అద్దం అవతల అంతా ఉప్పు నేలే, ముక్కుకు తొడుగు లేకుండా నాలుగడుగులు వెయ్యలేం. మా వీధి కూడా ఈ అద్దం కిందే, అడవి అంచున. ఆఫీసు కాగితంలో ఆ పిట్ట పేరు నా నోరు తిరగనంత ఉంది. నేను తురాయి అని పెట్టాను. కథ చెప్పే రోజుల్లో నా తలపాగాకు అలాంటి తురాయే ఉండేది. దాని జోడీ ఆకుపచ్చ రంగు ఆడపిట్ట. ఏ ఆకు మీద వాలితే ఆ ఆకులో కలిసిపోతుంది. దాన్ని దొరసాని అంటాను. ఎందుకంటే దానికి ఏదీ ఒక పట్టాన నచ్చదు.

మూడేళ్ళుగా గుడ్డు లేదు. ఇవాళ రెబ్కా కాగితం తెచ్చింది. నలభై రోజుల్లో గుడ్డు కనబడకపోతే రెండు పిట్టల్నీ చలిపెట్టెలో పెట్టేస్తారు.

"చంపరు తాతగారూ. నిద్రపుచ్చుతారు, అంతే."

"ఎన్నాళ్ళు?"

"మళ్ళీ వీలు కుదిరేదాకా."

"ఇప్పటిదాకా ఎన్ని లేచాయమ్మా?"

ఆ అమ్మాయి సంచి సర్దుకుంది. పదకొండేళ్ళలో ఒక్కటీ లేవలేదు. తెలిసే అడిగాను.

మూడో రోజు

తెల్లారి గుడ్డ చెప్పులు వేసుకుని లోపలికి వెళ్ళాను. ఎనిమిదింటికి వాన మీట నొక్కాను. తొమ్మిదికి ఆపాను. కాలిబాట మీద రాలిన మేడిపళ్ళు ఊడ్చాను. తర్వాత తురాయి కొమ్మ దగ్గర పొంచి కూర్చున్నాను.

అడ్డంగా పోయే కొమ్మ ఒకటి తురాయిది. దాని చుట్టూ ఉన్న ఆకులన్నీ ముక్కుతో పీకి, చూసేవాళ్ళకు అడ్డం లేకుండా వేదికలా తయారు చేసుకుంది. పొద్దున్నే అక్కడ వాలి రెండు స్వరాలు కూస్తుంది. ఆగుతుంది. తల పక్కకు తిప్పి చూస్తుంది. మళ్ళీ కూస్తుంది. మళ్ళీ ఆగుతుంది. నేను కూర్చున్న గంటలో నూటముప్పై సార్లు అలా చేసింది. దొరసాని ఒకసారి వచ్చి, చూసి, వెళ్ళిపోయింది.

ఆ ఆగడం ఎందుకో రెబ్కా ఇచ్చిన కాగితం చూస్తే అర్థమైంది. ఈ జాతిలో మగపిట్టలు ఇద్దరిద్దరుగా ఆడతాయి. ఒకటి పెద్ద, ఒకటి దాని పక్కవాడు. ఇద్దరూ కలిసి కూయాలి, కలిసి గెంతాలి. ఒంటరిగా ఆడేవాడి వైపు ఆడపిట్ట కన్నెత్తి చూడదు. మా తురాయి పక్కవాడు మూడేళ్ళ కిందట ముసలితనంతో పోయాడు. అప్పట్నుంచీ ఇది పాట ఎత్తుకోవడం, జవాబు కోసం ఆగడం.

అంటే వంత లేదు. ఆ కాగితం ముందే ఇచ్చి ఉంటే మూడేళ్ళు కలిసొచ్చేవి. బుర్రకథలో కథకుడు ఒక ముక్క అంటాడు. పక్కనున్నవాడు గుమ్మెట మీద దరువేసి 'తందాన' అంటాడు. వాడు వంత. వంత పలక్కపోతే ఎంత గొప్ప కథకుడైనా సంతలో తప్పిపోయిన మనిషిలా నిలబడాల్సిందే.

ఇంకో మగపిట్టను తెమ్మని ఆఫీసుకు ఫోను చేశాను. ఉన్నవన్నీ చలిపెట్టెలోనే ఉన్నాయట.

ఆరో రోజు

నా దగ్గర తుడుపుగాడు ఉన్నాడు. గుమ్మటం అద్దాలకు లోపలివైపు నాచు పడుతుంది. అది తుడవడానికి ఆఫీసువాళ్ళిచ్చిన యంత్రం. పిట్టంతే ఉంటాడు. రెక్కలు, కాళ్ళు, పొట్ట కింద స్పాంజి. వాడికి పని నేర్పాలంటే మీటలూ గీటలూ ఉండవు. చేత్తో పట్టుకుని నాలుగు సార్లు చేయించాలి, చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించినట్టు. మన చెయ్యి ఎలా పోతే వాడూ అలాగే పోతాడు.

ఇవాళ వాడికి వేషం కట్టాను. ఒళ్ళంతా కాటుక. వీపుకు నీలిమందు. నెత్తికి ఎర్ర రుమాలు ముక్క. తోకకు నా తంబురా తీగలు రెండు. తీగలు తెంపేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. తెంపేశాను.

మా ఆవిడ నూకరత్నం వంటింట్లోంచి వచ్చింది.

"నా కాటుక డబ్బా ఏదీ?"

"పిట్టకి పెట్టాను."

"పెళ్ళై యాభయ్యేళ్ళు. ఒక్కనాడు నా మొహం వంక చూసి కాటుక బాగుందే అన్నావా? అద్దాలు తుడిచేదానికి సింగారం చేస్తన్నాడు చూడు."

"ఇది మగది."

"మరీ మంచిది" అని డబ్బా లాక్కుని పోయింది.

తొమ్మిదో రోజు

ఆఫీసు పంపిన కదిలే బొమ్మలో ఆట చూశాను. కొమ్మ మీద రెండు పక్కపక్కన కూర్చుంటాయి. ముందున్నది పైకెగిరి గాల్లో వెనక్కి వచ్చి వాలుతుంది. వెనకున్నది ముందుకు జరిగి తనూ ఎగురుతుంది. అలా ఒకదాని మీంచి ఒకటి, గిరగిరా చక్రం తిరిగినట్టు, వేగం పెంచుకుంటూ పోతాయి. ఆఖర్న పెద్దది గొంతులో బర్రుమంటుంది. పక్కవాడు తప్పుకోవాలి. అప్పుడు పెద్దది ఒక్కటే సీతాకోకచిలుకలా తేలుతూ ఆడపిట్ట చుట్టూ తిరుగుతుంది.

మూడు రోజులు తుడుపుగాడిని చేత్తో పట్టుకుని నేర్పాను. వాడు నేర్చిన తీరు చూస్తే నాకే ముచ్చటేసింది. ఏం ఎగురుడు! ఏం వాలుడు! తొలిరోజుల్లో రంగం మీద నేను అందెలు మోగిస్తూ గిర్రున తిరిగినట్టే ఉంది.

పదకొండో రోజు

కొమ్మ మీదికి వదిలాను.

తురాయి ముందు బెదిరింది. తర్వాత రెండు స్వరాలు కూసింది. తుడుపుగాడు జవాబిచ్చాడు. ఆ కూత నేనే ఈల వేసి నేర్పాను. తురాయి ఒళ్ళు ఒక్కసారి ఝల్లుమంది. మూడేళ్ళ తర్వాత ఒకడు పలికాడు కదా. నాకు కళ్ళలో ఏదో పడింది. అడవిలో దుమ్ము ఉండదు గానీ, పడింది.

ఆట మొదలైంది. దొరసాని వచ్చి వాలింది. తురాయి జానెడు ఎగిరితే తుడుపుగాడు మూరెడు ఎగిరాడు. వాలేటప్పుడు తురాయిని భుజంతో పక్కకు నెట్టాడు. ప్రతి గెంతు తర్వాతా దొరసాని వైపు తిరిగి, రొమ్ము విరిచి, చప్పట్ల కోసం ఆగాడు. అది నా అలవాటు. నా చెయ్యి అలాగే ఆగి ఉంటుంది.

నాలుగో గెంతుకు తురాయి కొమ్మ మీంచి జారి కింద పడింది. తుడుపుగాడు ఒక్కడే ఆట పూర్తి చేశాడు.

దొరసాని వాడి దగ్గరకు జరిగింది.

పదమూడో రోజు

తుడుపుగాడు అద్దాలు తుడుస్తుంటే దొరసాని వెనకాలే తిరుగుతోంది. వాడు ఏ అద్దం మీద ఉంటే ఆ పక్క కమ్మీ మీద ఇది. నిన్న మేడిపండు తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడు దాన్నీ తుడిచాడు.

తురాయి ఆకుల చాటున ముడుచుకుని కూర్చుంది. బొప్పాయి ముక్క ముట్టుకోలేదు.

రెబ్కా ఫోను చేసింది. అద్దాల మీద కెమెరా ఉంది కదా.

"తాతగారూ, దొరసాని అస్తమానం ఆ తుడిచే యంత్రం వెనకాలే ఎందుకు తిరుగుతోందండీ?"

"మంచి చెడ్డా తెలిసిన పిట్టమ్మా అది."

"యంత్రానికి తోకెందుకుంది?"

"తంబురా తీగ."

నవ్విందో తిట్టుకుందో తెలియదు. "ఇరవై ఏడు రోజులే ఉన్నాయండీ" అని పెట్టేసింది.

పదిహేడో రోజు

నాలుగు రోజులుగా తుడుపుగాడికి తగ్గి ఆడటం నేర్పుతున్నాను. రావడం లేదు. తప్పు వాడిది కాదు. తక్కువ ఎగరాలి అనుకుని చెయ్యి పైకెత్తుతాను, ఎత్తాక చెయ్యి నా మాట వినదు.

నూకరత్నం గుమ్మంలో కూర్చుని చూస్తూ చూస్తూ అంది. "జన్మలో ఒక్కసారైనా వంత పాడావా నువ్వు?"

"నాకేం ఖర్మ?"

"అందుకే నీ చేతికి రాదు. వచ్చినోడు నాలుగిళ్ళ అవతల ఉన్నాడు. పిలువు."

నాలుగిళ్ళ అవతల ఉన్నవాడు దాని తమ్ముడు తాతబ్బాయి. ముప్పై ఒక్క ఏళ్ళు నాకు వంత. పందొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. మూడో గుమ్మటం ప్రారంభం రోజున, రెండు వేల మంది చూస్తుండగా, నేను యుద్ధం ఘట్టంలో ఉండగా గుమ్మెట కింద పెట్టి, రంగం దిగి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. నేను 'తందాన' కోసం ఆగాను. జనం నవ్వారు. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది.

మా ఆవిడ రోజూ వాడికి కూర పట్టుకెళ్తుంది. నేను ఏ కూర అని కూడా అడగను.

పిలవను అన్నాను.

ఇరవై ఒకటో రోజు

తురాయి మూడు రోజులుగా కూయలేదు. పొద్దున కొమ్మ మీదికి వచ్చింది, కూర్చుంది, వెళ్ళిపోయింది. మెడ దగ్గర ఈకలు రేగి ఉన్నాయి. దాన్ని తూచే చిన్న తక్కెడ ఉంది. తూకం చూశాను. ఎంతో ఇక్కడ రాయను.

నాలుగిళ్ళు దాటాను.

తాతబ్బాయి ముక్కుతొడుగులు బాగుచేస్తాడు. వాకిట్లో పీట మీద కూర్చుని జల్లెడ మారుస్తున్నాడు. నా చెప్పులు చూశాడు, తల ఎత్తలేదు.

"తొడుగు పాడైందా?"

"తొడుగు బానే ఉంది."

"అయితే ముక్కు పాడైందేమో. ముక్కులు నేను చెయ్యను."

"పిట్టకి వంత కావాలి."

"నాకు డెబ్భై ఒకటి. మోకాళ్ళు పోయాయి. ఎగరలేను."

"నిన్నెవడు ఎగరమన్నాడు? యంత్రం ఎగురుద్ది. నేర్పాలి."

"నువ్వు నేర్పావుగా బావా. అక్క చెప్పింది. పెళ్ళికూతురు యంత్రంతో లేచిపోయిందంటగా!"

పగలబడి నవ్వాడు. వీధిలో ఇద్దరు ఆగి చూశారు. నేను నిలబడ్డాను. తురాయి తూకం గుర్తుంది కాబట్టి నిలబడ్డాను.

"ఆ రోజు ఎందుకు దిగిపోయావు?" అన్నాను. పందొమ్మిదేళ్ళకు అడిగాను.

"నాలుగు గంటల కథని ఏడు గంటలు లాగావు. మధ్యలో నా హాస్యం ఉంది. పదిహేను నిమిషాలు. తినేశావు. అంతకుముందు ఊళ్ళోనూ తినేశావు. ఆ ముందు ఊళ్ళోనూ. జనం పిల్లల్ని భుజానేసుకుని లేచిపోతన్నారు, నీకు కనపడలేదు. నేను లేచాకే కదా వాళ్ళు మళ్ళీ కూర్చుంది, ఏం జరుగుద్దో చూద్దామని!"

"నవ్వారు."

"నవ్వించడమేగా నా పని."

తీసిన పాత జల్లెడ పక్కన పడేశాడు.

"సరే, అడుగు" అన్నాడు.

"అడిగానుగా."

"చెప్పావు. అడగలేదు."

"తాతబ్బాయీ, రారా."

"ఇంకా."

"నాకు చేతకావట్లేదు. రా."

లేచి చెప్పులు వెతుక్కున్నాడు. "ఒక్కటే మాట బావా. నేను ఆపమంటే ఆపాలి."

సరే అన్నాను.

ఇరవై నాలుగో రోజు

మా వాకిట్లో బల్ల మీద వెదురుకర్ర కట్టాం. అదే కొమ్మ. తురాయి పాత్రకు నేను నల్ల వంకాయ పట్టుకున్నాను. తాతబ్బాయి తుడుపుగాడిని పట్టుకున్నాడు. వంకాయ ఎగురుతుంది, తుడుపుగాడు కింద నుంచి జరుగుతాడు. తుడుపుగాడు ఎగురుతాడు, వంకాయ జరుగుతుంది. వీధి వీధంతా అరుగుల మీద చేరింది.

"ఆపు" అన్నాడు తాతబ్బాయి.

నేను ఇంకో రెండు గెంతులు వేశాను. ఊపులో ఉన్నాను.

"ఆపమంటే ఆపాలి!"

"ఊపులో ఎలా ఆగుద్ది?"

"టీ తాగొస్తాను" అని తుడుపుగాడిని బల్ల మీద పెట్టాడు.

ఆగాను.

మూడో వంకాయ చితికిపోయాక నూకరత్నం బయటికి వచ్చింది. "మధ్యాన్నం కూర ఇదే. నాట్యం తొందరగా కానిస్తే పొయ్యి మీద పెడతాను."

తాతబ్బాయి చెయ్యి గమనించాను. నా వంకాయ కంటే వేలెడు తక్కువ ఎగురుతుంది. అరక్షణం ఆలస్యంగా వాలుతుంది. జనం వైపు ఒక్కసారీ తిరగదు, మొహం ఎప్పుడూ వంకాయ వైపే. నేను వేగం పెంచితే తను తర్వాత పెంచుతాడు, నేను పెంచానని అందరికీ తెలిసేలా. ముప్పై ఒక్క ఏళ్ళు ఇది నా పక్కనే జరిగింది. నేను జనాన్ని చూస్తూ ఉన్నాను.

ఇరవై ఆరో రోజు

పన్నెండో గెంతు దగ్గర తుడుపుగాడు తడబడి కర్ర మీద కాలు జారుతున్నాడు. రోజంతా అక్కడే.

"తప్పు చేస్తన్నాడు, సరిచెయ్యి" అన్నాను.

"తప్పు కాదు. పెట్టాను."

"జారడం పెట్టావా?"

"వంతగాడు ఒక్కసారి జారాలి బావా. అప్పుడు పక్కనున్నోడు ఎంత నిబ్బరంగా ఉన్నాడో ఆడదానికి కనపడుద్ది. పండ్లపాలెంలో పద్యం మధ్యలో నేను మాట మర్చిపోయాను, గుర్తుందా? నువ్వు అందుకుని పాడావు. ఈలలేశారు."

"గుర్తుంది. ఇంటికొచ్చి నిన్ను తిట్టాను."

"దొండపూడిలో గుమ్మెట జారింది. అల్లవరంలో తప్పు తాళం వేశాను, నువ్వు కన్నెర్రజేసి సరిదిద్దావు, జనం చప్పట్లు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని సార్లు తిట్టావో లెక్క నాకు లేదు."

"అవన్నీ..."

"నీకు తెలిస్తే చెడిపోద్దని చెప్పలేదు."

నేను వంకాయ కింద పెట్టాను. చెయ్యి కడుక్కునే వంకతో లోపలికి వెళ్ళాను. నూకరత్నం కూర కలుపుతోంది. "నీకు తెలుసా?" అన్నాను. "వీధిలో అందరికీ తెలుసు" అంది.

మధ్యాహ్నం అన్నం తాతబ్బాయి మా ఇంట్లోనే తిన్నాడు. వంకాయ కూర. వాడు రెండో సారి వడ్డించుకున్నాడు.

ఇరవై ఎనిమిదో రోజు

వాన ఆగాక తుడుపుగాడిని మళ్ళీ కొమ్మ మీదికి వదిలాం. ఇద్దరం చెట్టు మొదలు వెనక నక్కాం. తాతబ్బాయి నా మోకాలు మీద చెయ్యి పెట్టి ఉంచాడు, నేను లేవకుండా.

తుడుపుగాడు కూయలేదు. కొమ్మ చివర, కిందికి వంగి కూర్చున్నాడు. చాలాసేపు. తురాయి ఆకుల్లోంచి చూసింది. ఒక గెంతు దగ్గరకు వచ్చింది. ఇంకో గెంతు. చిన్నగా, సందేహంగా రెండు స్వరాలు కూసింది. తుడుపుగాడు ఇంకా చిన్నగా పలికాడు.

దొరసాని ఎక్కడ్నుంచో వచ్చి వాలింది. ముందు దాని చూపు తుడుపుగాడి మీదే. ఆట మొదలైంది. తురాయి ఎగిరింది. తుడుపుగాడు వేలెడు తక్కువ ఎగిరాడు. తురాయికి నమ్మకం వచ్చింది, ఇంకాస్త పైకి లేచింది. చక్రం తిరగసాగింది. నలుపు, నీలం, ఎరుపు కలిసిపోయి ఏది ఎవరో తెలియలేదు. పన్నెండో గెంతుకు తుడుపుగాడి కాలు జారింది. తురాయి ఆగలేదు, తొణకలేదు, వాడి మీంచి దాటి వాలింది. దొరసాని తల తిప్పి తురాయిని చూసింది. మొదటిసారి చూసినట్టు చూసింది.

బర్రుమంది తురాయి గొంతు. తుడుపుగాడు రెక్క చప్పుడు కూడా లేకుండా తప్పుకుని పొదలో దూరాడు.

ఆ తప్పుకోవడం చూసి తాతబ్బాయి చెయ్యి నా మోకాలిని గట్టిగా నొక్కింది. తర్వాత జరిగింది నేను చూడలేదు. చూసినా రాయను. ఈ పుస్తకం చదివేది పెళ్ళికాని పిల్ల.

ముప్పై మూడో రోజు

దొరసాని గూడు కడుతోంది. వాగు మీదికి వంగిన కొమ్మ పంగలో, సాలెగూడు దారాలతో, నాచుతో. కాఫీ గిన్నె అడుగంత ఉంది. ఒక్కతే కడుతోంది. తురాయి సాయం పట్టదు, పొద్దస్తమానం కొమ్మ మీద తుడుపుగాడితో ఆటే. తాతబ్బాయి తురాయిని చూపించి "అచ్చం నువ్వే" అన్నాడు. నూకరత్నం విని "అచ్చం" అంది.

ముప్పై ఎనిమిదో రోజు

గుడ్డు లేదు.

గూడు ఖాళీగా ఉంది. దొరసాని వచ్చి కూర్చుంటుంది, లేస్తుంది, అంచు సర్దుతుంది, వెళ్ళిపోతుంది. తాతబ్బాయి చింతగింజ ఒకటి తెచ్చి చూపించాడు. "రంగు వేస్తే ఎవడికీ తెలవదు."

"దొంగ గుడ్డు పెట్టి తెచ్చుకునే బతుకు తురాయికి అక్కర్లేదు" అన్నాను.

"తురాయిని అడిగావా?"

అయినా చింతగింజ జేబులో వేసుకున్నాడు.

నలభయ్యో రోజు

ఎనిమిదింటి వాన ఆగగానే రెబ్కా వచ్చింది. చేతిలో చలిపెట్టె. పిల్లల భోజనం డబ్బా అంత ఉంది. మూత సందుల్లోంచి పొగలాగా చలి వస్తోంది. అందులో రెండు గళ్ళు ఉన్నాయి, ఒక్కొక్కటి నిమ్మకాయంత.

గూటి దగ్గరకు వెళ్ళాం. దొరసాని గూట్లో కూర్చుని ఉంది. కదలదు. రెబ్కా దగ్గర కర్రకు కట్టిన అద్దం ఉంది. పైకెత్తి చూసింది. దొరసాని పొట్ట ఈకలు తప్ప ఏమీ కనపడలేదు.

"కింద గుడ్డు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అంది.

"కూర్చున్న పిట్టని లేపకూడదని మీ రూలే కదమ్మా."

"సాయంత్రం దీపాలు తగ్గించే వేళకి గుడ్డు కనపడకపోతే తీసుకెళ్ళాలనీ రూలే కదండీ." ఆ అమ్మాయి గొంతులో సంతోషం ఏమీ లేదు. "నాకు మాత్రం సరదానా?"

తాతబ్బాయి చెయ్యి జేబులోకి పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"కూర్చుందాం. ఎప్పుడో ఒకప్పుడు మేతకి లేవాలి కదా" అన్నాను.

"తాతగారూ, కూర్చోవచ్చు. కానీ మీరు మాట్లాడితే అది బెదిరి గూడే వదిలేస్తుంది."

"మాట్లాడను."

తాతబ్బాయి ఆకాశం వైపు చూశాడు.

తొమ్మిదింటికి కూర్చున్నాం. పదైంది. పదకొండైంది. రెబ్కా నా చెవి దగ్గర గుసగుసగా ఏవో అడిగింది: ఈ వేషం ఆలోచన ఎవరిది, ఆట ఎవరు నేర్పారు, బుర్రకథ అంటే ఏంటి. బుర్రకథ అంటే ఏంటి! ఆ ప్రశ్నకు నా దగ్గర మూడు గంటల జవాబు ఉంది. పళ్ళు బిగించి కూర్చున్నాను. చీమ ఒకటి మెడ మీంచి చొక్కాలోకి పోయి నచ్చిన చోటల్లా కుట్టింది. పన్నెండైంది. తాతబ్బాయి తన కథ మొదలుపెట్టాడు, రెబ్కా చెవిలో, గుసగుసగా. మూడో గుమ్మటం కథ. అందులో నేను ఏనుగంత మనిషిని, నోరు మూతపడని మనిషిని. తప్పు ఊరి పేర్లు చెప్పాడు. తప్పు సంవత్సరాలు చెప్పాడు. రెబ్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒక్క మాట సరిదిద్దలేదు నేను. రెండైంది. మూడైంది.

నాలుగున్నరకు దూరంగా తురాయి కూసింది. తుడుపుగాడు పలికాడు. దొరసాని మెడ ఎత్తింది. అటు చూసింది, ఇటు చూసింది. లేచి, అంచు మీద నిలబడి, రెక్క విదిల్చి, మేడిచెట్టు వైపు ఎగిరిపోయింది.

రెబ్కా అద్దం ఎత్తింది. ఆత్రంలో అది అటూ ఇటూ పోయింది. ముందు కొమ్మ కనపడింది, తర్వాత నా మొహం కనపడింది, తర్వాత గూడు.

గుడ్డు. చింతగింజ కన్నా కాస్త పెద్దది. మట్టిరంగు మీద ముదురు చుక్కలు.

రెబ్కా తన పుస్తకం తీసి 'గుడ్డు: ఒకటి' అని రాసుకుంది. పెట్టె మూత తెరిచి, లోపలి చలినంతా వాగు ఒడ్డున గడ్డి మీదికి వదిలేసింది. అప్పుడు తాతబ్బాయి నా వైపు చూసి, "ఇంక మాట్లాడు బావా, పగిలిపోతావు" అన్నాడు.

ఏం మాట్లాడాలో తోచలేదు.

వెళ్తూ వెళ్తూ రెబ్కా పైకి చూసింది. "తాతగారూ, అద్దాల మీద ఈ పచ్చదనం ఏంటి? వెలుతురు సగమే వస్తోంది. యంత్రం తుడవట్లేదా?"

"వాడికి వేరే ఉద్యోగం దొరికింది."

"ఆట అయిపోయింది కదండీ. గుడ్డు వచ్చేసింది."

"తురాయికి తెలియదు కదా. అది ఎప్పుడు పిలుస్తుందో ఎవరికెరుక? పిలిచినప్పుడు వీడు పక్కన ఉండాలి. వంతగాడిని పనిమీద ఊరు పంపితే కుదరదమ్మా."

"మరి అద్దాలు?"

"నేను తుడుస్తాను."

"మూడు వేల రెండు వందల అద్దాలండీ."

"నా గుమ్మటం. నాకు చెప్తావా?"

నలభై ఒకటో రోజు

పొద్దున్నే నిచ్చెన వేశాను. కింద తాతబ్బాయి పట్టుకున్నాడు. అటు మరక వదిలేశావు, ఇటు మూల వదిలేశావు అని మధ్యాహ్నం దాకా ఒకటే గోల. నేను వాడి గోల వినపడకుండా చెవి అద్దానికి ఆనించి తుడిచాను. మోకాళ్ళు వాచాయి. పదకొండు అద్దాలు అయ్యాయి.

పదకొండోది సరిగ్గా వాగు పైన ఉంటుంది. అంత ఎత్తు నుంచి గూట్లోకి నిట్టనిలువుగా చూడొచ్చు. దొరసాని మేతకు పోయింది. గూట్లో గుడ్లు రెండు ఉన్నాయి. చింతగింజ కాదు, రెండోదీ అచ్చం మొదటిదే.

కింద నుంచి తాతబ్బాయి "ఏంటి బావా, ఆగిపోయావ్? కళ్ళు తిరుగుతున్నాయా?" అని అరిచాడు. నేను చెప్పలేదు. నిచ్చెన పట్టుకున్నవాడికి అన్నీ చెప్పాలని లేదు.

రెబ్కమ్మా, వచ్చే వారం ఇది చదివాక నీ పుస్తకంలో ఒకటి కొట్టేసి రెండు అని రాసుకో.